పోర్చుగీసు వలసదారుల జీవితకథలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

పోర్చుగీసు వలసదారులు స్వయంగా రాసుకున్న జీవితకథలు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. ముందు ఏ ప్రాంతం వాళ్లవి, ఏ కాలం నాటివి చదవాలో తేల్చుకోండి. అట్లాంటిక్‌లో పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల నుంచి అమెరికా వచ్చినవారి కథలకూ, ఉత్తర పోర్చుగల్ పల్లెల నుంచి ఫ్రాన్సుకు పోయినవారి కథలకూ పోలిక తక్కువ.

నేను మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్‌లో కొన్నేళ్లు ఉన్నాను. కింది వాటాలో ఉండే పెద్దావిడది అజోర్స్‌లోని ఫయాల్ దీవి. 1957 సెప్టెంబరులో అక్కడ కపెలిన్యోస్ అగ్నిపర్వతం సముద్రంలో బద్దలై, ఏడాదికి పైగా రగిలింది. ఇళ్లూ పొలాలూ బూడిదలో పూడిపోయాయి. సెనేటర్లు జాన్ పాస్టోర్, జాన్ కెనెడీల చొరవతో 1958లో అమెరికా ప్రత్యేక చట్టం చేసి, ఆ బాధితులకు 1,500 వీసాలు కేటాయించింది. ఆవిడ కుటుంబం వచ్చింది అలాగే. ఆవిడ నోటు పుస్తకంలో రాసుకున్నదాన్ని మనవరాలు ఇంగ్లీషులో చదివి వినిపించేది. అగ్నిపర్వతానికి దక్కింది అర పేజీ! కుట్టు ఫ్యాక్టరీకి మాత్రం పేజీలకు పేజీలు: ముక్కకు ఇంత అని కట్టే కూలి, దారం తెగితే పోయే నిమిషాలు, పక్క మిషను ఆవిడతో పోటీ, జీతం కవరు విప్పకుండా తండ్రి చేతిలో పెట్టడం. ఇలాంటి కథల్లో నన్ను కట్టిపడేసేది ఈ పని వివరమే.

పోర్చుగల్ నియంత సలాజార్ పాలనలో పల్లె బడి మూడు నాలుగు తరగతులతో ముగిసేది. అందుకే చాలా కథలు పిల్లలో మనవలో రాసిపెట్టినవో, దిద్దినవో అయి ఉంటాయి. దిద్దిన ప్రతిలో తండ్రి తిట్లు మాయమవుతాయి, త్యాగాలు పెరుగుతాయి. నా ఓటు దిద్దని ప్రతికే, తప్పులున్నా సరే.

ఫ్రాన్సు కథల తీరు వేరు. 1961లో పోర్చుగల్ ఆఫ్రికా వలసరాజ్యాల్లో యుద్ధాలు మొదలయ్యాక, పేదరికం నుంచీ సైన్యం నుంచీ తప్పించుకోవడానికి ఎంతోమంది పాస్‌పోర్టు లేకుండా స్పెయిన్ మీదుగా పిరనీస్ కొండలు దాటారు. ఫొటోను రెండుగా చింపి ఒక ముక్క ఇంట్లో ఉంచి, రెండోది వెంట తీసుకెళ్లేవారు. క్షేమంగా చేరాక ఆ ముక్క ఇంటికి పంపితే, రెండూ జతపడ్డాకే ఇంటివాళ్లు సరిహద్దు దాటించిన దళారికి మిగతా డబ్బు ఇచ్చేవారు. చేరింది మాత్రం పారిస్ పక్కన షాంపినీలోని బురద, రేకుల గుడిసెలకు! ఇవి చదివేటప్పుడు పోర్చుగల్‌లో నియంతృత్వాన్ని కూల్చిన 1974 ఏప్రిల్ 25 విప్లవానికి ముందు రాసినవా, తర్వాత రాసినవా చూడండి. నియంతృత్వం ఉన్నన్నాళ్లూ, ఊళ్లో అన్నదమ్ములు ఉన్నవాడు అన్నీ రాయలేడు కదా.

కెనడా వలస మీద ఆసక్తి ఉంటే 1953 మేలో సాటర్నియా ఓడలో హాలిఫాక్స్ రేవులో దిగిన తొలి బృందం మగవాళ్ల కథలతో మొదలుపెట్టండి.

అమెరికా కథలకు మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం డార్ట్‌మత్ ప్రాంగణంలోని ఫెరేరా-మెండెస్ పోర్చుగీసు-అమెరికన్ భాండాగారం మంచి చోటు. వెతికేటప్పుడు ఇంటిపేర్లను రెండు రూపాల్లోనూ ప్రయత్నించండి. పెరేరాలు కొందరు పెర్రీలయ్యారు, రొడ్రిగెస్‌లు కొందరు రోజర్స్‌లయ్యారు.