పట్టీలు చూసి పాము ఏ ఊరిదో చెప్పగలమా?

టెక్సస్‌లోని లాంగ్‌ట్రీ ఊరి దగ్గర పట్టిన పాముల వంశమని చెప్పి అమ్మిన గ్రే బ్యాండెడ్ కింగ్‌స్నేక్ అనే పెంపుడు పాముకు ఒంటి మీది అడ్డపట్టీలు మరీ సన్నగా ఉన్నాయి, మోసపోయానా అని మీరు అడిగారు. పట్టీలను బట్టి పాము ఏ ఊరి వంశమో ఎవరూ చెప్పలేరు. చెప్పగలమనేవారిని అసలు నమ్మకండి.

నేను టెక్సస్‌లో ఉంటూ చాలా ఏళ్లుగా ఈ ఒక్క జాతినే పెంచుతున్నాను. ఒకసారి మా ఇంటికి ఈ రంగంలో బాగా పేరున్న పెద్దాయన వచ్చారు. అప్పుడే గుడ్ల నుంచి బయటపడిన పిల్లలు వేర్వేరు డబ్బాల్లో ఉన్నాయి. నేనేమీ చెప్పకముందే ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని ఊళ్లు చెప్పడం మొదలుపెట్టారు. వెడల్పాటి నారింజ పట్టీలున్నది లాంగ్‌ట్రీదట. బూడిద రంగు ఒంటి మీద సన్నని నల్ల గీతలున్నది డేవిస్ పర్వతాలదట. మరొకటి టెక్సస్‌లోనే ఉన్న బ్లాక్ గ్యాప్ అనే చోటిదట. అన్నీ ఒకే తల్లి ఒకే విడతలో పెట్టిన గుడ్లవని చెప్పి, లాంగ్‌ట్రీ దగ్గర 90వ నంబరు హైవే పక్కన ఆ తల్లి పెద్దలను పట్టిన వివరాల కాగితం చూపించాను. ఆయన కాగితం చదివి, "అయితే ఈ కాగితమే తప్పు" అన్నారు! ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పండితులే ఇక్కడ బోల్తాపడ్డారు. సన్నపట్టీల పాముకు 1901లో ఆల్టర్నా అని పేరు పెట్టారు. వెడల్పు పట్టీలదాన్ని 1950లో బ్లెయిరీ అనే వేరే జాతిగా ప్రకటించారు. ఒకే తల్లికి రెండు రకాల పిల్లలూ పుడతాయని తేలాక ఆ రెండో జాతి నిలవలేదు. పడమటి వైపు సన్నపట్టీలు ఎక్కువ కనిపించే మాట నిజమే కానీ, ఎక్కువ ఉన్నంతమాత్రాన మీ చేతిలోని ఒక్క పాము ఊరు తేలదు.

నాకు అంతకన్నా కోపం తెప్పించేది రంగుల బేరం. కొందరు నారింజ రంగు బాగా ఉన్న పిల్లలనే ఏరి, తరతరాలుగా వాటినే జతకట్టించి, "అచ్చమైన లాంగ్‌ట్రీ" అని అమ్ముతారు. ఆ రంగు కొనేవారి ఇష్టాన్ని బట్టి వచ్చింది, లాంగ్‌ట్రీ రాళ్ల నుంచి వచ్చింది కాదు. పైగా ఈ జాతి పిల్లలు చాలావరకు మొదట ఎలుకపిల్లలను ముట్టవు, బల్లి వాసన రుద్ది పెట్టాల్సి వస్తుంది. ఆ సంగతి అమ్మేటప్పుడు ఒక్కరూ చెప్పరు.

మీరు అమ్మినవారిని అడగాల్సింది దీని పెద్దలను ఏ రోడ్డు మీద, ఏ ఏడు, ఎవరు పట్టారని. లాంగ్‌ట్రీ దగ్గరేనని రాతపూర్వకంగా జవాబు వస్తే పట్టీలు ఎలా ఉన్నా అది లాంగ్‌ట్రీదే. రాకపోతే పామును హాయిగా పెంచుకోండి, దాని పిల్లలకు మాత్రం ఏ ఊరి పేరూ రాయకండి.