పిట్ట కోసం కాదు, పండ్ల చెట్టు కోసం వెతకండి

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. మా ఆయన ఉద్యోగం మీద ఆగస్టులో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌కు వచ్చినాం. మొన్న సూపర్‌మార్కెట్ కార్ పార్కింగ్‌లో చాలామంది పెద్ద పెద్ద కెమెరాలు పట్టుకొని ఒక ఎర్ర పండ్ల చెట్టు వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. ఏమో పిట్టలంట. పాప చూస్తానని ఒకటే గోల. మేము పోయి వాళ్ల పక్కన నిలబడితే ఏమన్నా అనుకుంటారా? ఆ పండ్లు తినొచ్చా? ఇంత చలిలో పిట్టల కోసం ఎవరన్నా నిలబడతారా అని మా ఆయన నవ్వుతున్నాడు.

జవాబు: నిలబడతారమ్మా, ఆఫీసుకు సెలవు పెట్టి మరీ నిలబడతారు. మీరు చెప్పినదాన్ని బట్టి అవి వాక్స్‌వింగ్‌లే అయి ఉంటాయి. ఏటా వచ్చేవి కావు కాబట్టే అంత హడావిడి.

వీటి సొంత ఊరు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాల ఉత్తరపు అడవులు. వేసవిలో దోమలూ పురుగులూ తింటాయి, చలికాలంలో పండ్లే ఆధారం. అందులోనూ గుత్తులుగా ఎర్ర పండ్లు కాసే రోవన్ చెట్టు పండ్లంటే ప్రాణం. పిట్టల సంఖ్య బాగా పెరిగిన ఏడాదే అక్కడ రోవన్ కాపు తప్పిందంటే ఇక ఆగవు, సముద్రం దాటి వచ్చేస్తాయి. చలికి తట్టుకోలేక వస్తాయని ఇక్కడివాళ్లలో కూడా కొందరు అనుకుంటారు. మంచు వాటికి కొత్త కాదు. తిండి లేక వస్తాయి, అంతే. వాన పడక వేరుశనగ ఎండిపోయిన ఏడు ఇళ్లకు తాళాలేసి జనం బెంగళూరు బస్సెక్కడం చూసిన అనంతపురం మనిషిని నేను, ఈ సంగతి నాకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. 2010, 2012, 2023 చలికాలాల్లో ఇట్లాగే వేలల్లో దిగాయి. కొన్ని ఏళ్లయితే దేశమంతా గాలించినా అక్కడో గుంపు, ఇక్కడో గుంపు తప్ప కనబడవు.

అవి వచ్చిన ఏడాది అక్టోబర్ చివర్లోనో నవంబర్‌లోనో మొదట స్కాట్లాండ్‌లోని షెట్లాండ్, ఆర్క్నీ, అబర్డీన్ వైపు, తర్వాత ఇంగ్లండ్ తూర్పు తీరంలో కనబడతాయి. ఒకచోట పండ్లు అయిపోగానే లోపలికీ, దక్షిణానికీ జరుగుతాయి. న్యూకాజిల్ వాటి దారిలోనే ఉంది, మీరు అదృష్టవంతులు. లండన్, బర్మింగ్‌హామ్‌లలో ఉన్న మనవాళ్లు చాలాసార్లు సంక్రాంతి దాటేదాకా ఓపిక పట్టాలి.

కొత్తగా వచ్చినవాళ్లు పిట్టలంటే అడవికో చెరువుకో పోవాలనుకుంటారు. వీటికి అదేమీ అక్కర్లేదు. ఇక్కడ పార్కింగుల్లో, ఆసుపత్రుల ముందు, రింగ్ రోడ్ల పక్కన అందం కోసం రోవన్, కోటోనియాస్టర్ చెట్లు నాటుతారు. వాటి కాపు చాలాసార్లు నడి చలికాలం దాకా నిలిచి ఉంటుంది. అందుకని పిట్ట కోసం వెతక్కండి, చెట్టు కోసం వెతకండి. అక్టోబర్‌లోనే మీరు రోజూ నడిచే దారిలో, పాపను స్కూల్లో దింపే దారిలో ఏ చెట్టుకు పండ్లున్నాయో చూసి పెట్టుకోండి. ఎర్ర పండ్లను ఇక్కడి బ్లాక్‌బర్డ్‌లు, స్టార్లింగ్‌లు అనే పిట్టలు ముందే ఖాళీ చేస్తాయి. పసుపు, తెలుపు, లేత గులాబీ పండ్లు కాసే రకాలు ఎక్కువ రోజులు మిగులుతాయి. డిసెంబర్‌లో అలాంటి చెట్టు ఇంకా నిండుగా కనబడితే దాన్ని వదలకండి. క్రిస్మస్ ముందు మీ ఊళ్లో మూడున్నర దాటితే చీకటే కాబట్టి, పని చేసేవాళ్లకు మిగిలేది లంచ్ టైమూ శనాదివారాలూ.

గుర్తు పట్టడం కష్టమేమీ కాదు, కానీ దూరం నుంచి స్టార్లింగ్ గుంపు అనుకొని చాలామంది దాటిపోతారు. సైజు అంతే, ఎగిరే తీరూ దాదాపు అంతే. తల చూడండి, వెనక్కి దువ్విన జుట్టు ఉంటుంది. ఒళ్లు గులాబీ కలిసిన గోధుమ రంగు, కళ్ల మీదుగా నల్లటి పట్టీ, గొంతు నలుపు, తోక చివర పసుపు గీత. రెక్క మీద ఎర్రటి మైనపు బొట్ల లాంటివి చిన్నవి ఉంటాయి, పేరు వాటి వల్లే వచ్చింది. కంటికంటే ముందు చెవికి తెలుస్తాయి. సన్నగా, వణుకుతున్నట్టు 'సిర్ర్ర్' మని గుంపంతా ఒకేసారి అంటుంది.

చెట్టు దగ్గరికి చేరాక హడావిడి పడకండి. పిట్టలన్నీ పక్కనున్న ఏ ఎత్తయిన చెట్టు మీదో, టీవీ యాంటెన్నా మీదో ఒకే వైపు మొహం పెట్టి కూర్చొని ఉంటాయి. పావుగంట ఏమీ జరగదు. ఉన్నట్టుండి ఒకటి దిగుతుంది, వెంటనే మిగతావన్నీ. కొమ్మలకు తలకిందులుగా వేలాడుతూ, పండును తెంపి, ముక్కు పైకెత్తి గుటుక్కున మింగుతాయి. ఒక్కొక్కటి రోజుకు కొన్ని వందల పండ్లు లాగిస్తుంది. రెండు నిమిషాల్లో మళ్లీ అన్నీ పైకి. చక్కెర తప్ప పెద్దగా ఏమీ లేని తిండి కదా, దాహం ఎక్కువ. గుంతలో నీళ్లు తాగుతాయి, మంచు కూడా తింటాయి. ఒక్కోసారి మిసిల్ థ్రష్ అనే మొండి పిట్ట ఆ చెట్టు నాదేనని కాపలా కాస్తూ ఒక్కొక్కదాన్నీ తరుముతుంటుంది. గుంపు పెద్దదైతే దాని ఆటలు సాగవు. కింద పేవ్‌మెంట్ అంతా ఎర్రగా జిగట రెట్టలు పడతాయి. కారు ఆ చెట్టు కింద పెట్టకండి.

పార్కింగ్ అన్నాను కాబట్టి ఇంకో మాట. అక్కడ ఉచిత సమయం ఎంతో బోర్డు మీద రాసి ఉంటుంది, కెమెరా నంబర్ ప్లేట్ చదువుతుంది. పిట్టల ధ్యాసలో గంట ఎక్కువైతే ఇంటికి ఫైన్ కాగితం వస్తుంది. బస్సులో పోవడమే నయం.

మీరు పోయి నిలబడితే ఎవరూ ఏమీ అనుకోరు. పాపను చూస్తే ముందుకు రమ్మని దారి ఇస్తారు, టెన్షన్ పడకండి. ఈ పిట్టలకు మనుషులంటే పెద్ద బెదురు లేదు, కొన్ని అడుగుల దూరం దాకా ఊరుకుంటాయి. అట్లాగని చెట్టు కిందికి పోయి దులపకూడదు. కెమెరా ఉంటే జనం ఇళ్ల కిటికీల వైపు, స్కూల్ గేటు వైపు మాత్రం తిప్పకండి. దాన్ని ఇక్కడ చాలా పెద్ద తప్పుగా చూస్తారు.

పండ్ల సంగతి. గట్టు మీద ఏ పండు కనబడినా, పరికిపండో బలుసుపండో అనుకొని నోట్లో వేసుకొని పెరిగినవాళ్లం మనం. ఇక్కడ ఆ అలవాటు వద్దు. రోవన్ పండు పచ్చిగా తింటే కడుపు పాడవుతుంది, కోటోనియాస్టర్ కూడా తినేది కాదు. చర్చిల దగ్గర కనబడే యూ చెట్టుకు మెత్తటి ఎర్ర పండ్లుంటాయి, దాని గింజ నిజంగానే విషం. పిట్టకు అరిగింది మనకు అరగదని పాపకు ముందే చెప్పండి.

వాక్స్‌వింగ్‌లు రాని ఏడు దిగులు పడకండి. పండ్లు తినే రెడ్‌వింగ్, ఫీల్డ్‌ఫేర్ అనే పిట్టలు ఏటా వస్తాయి. అక్టోబర్ రాత్రి బాల్కనీలో నిలబడితే చీకట్లో పైనుంచి 'సీప్' అని సన్నగా వినిపిస్తుంది. వలస వస్తున్న రెడ్‌వింగ్‌లు అవి. పెరడు ఉంటే జనవరిలో ఆపిల్‌ను సగానికి కోసి కొమ్మకు గుచ్చి పెట్టండి, చెట్ల మీద పండ్లు అయిపోయాక ఇవన్నీ దానికే వస్తాయి.

మీ ఆయన నవ్వుకు నా దగ్గర ఒక జవాబుంది. మన దగ్గర జొన్నచేల మీద గుంపులు గుంపులుగా వాలే గులాబీ గోరింకలు గుర్తున్నాయా? తల, రెక్కలు నలుపు, ఒళ్లు గులాబీ. మంచె ఎక్కి ఒడిసెలతో తరిమేవాళ్లు. అవి కొన్ని జూన్ నెలల్లో దారి తప్పి బ్రిటన్‌కూ వస్తాయి. అప్పుడు ఒక్క పిట్ట కోసం ఇక్కడివాళ్లు కారేసుకొని జిల్లాలు దాటి వస్తారు. అది చూస్తే మా నాయన నవ్వలేక చచ్చేవాడు.

బైనాక్యులర్స్ ఇప్పుడే కొనకండి. కొనేటప్పుడు 8×32 అని గానీ 8×42 అని గానీ రాసి ఉన్నవి చూడండి, సెకండ్ హ్యాండ్‌వి చాలు. ఆలోపు ఆ గుంపులో ఎవరినైనా అడగండి, తమది మెడలోంచి తీసి మీ చేతిలో పెడతారు. ఒక గుంపు ఒక చెట్టును కొద్ది రోజుల్లోనే ఖాళీ చేసేస్తుంది. మొన్న చూశామన్నారు, పండ్లు ఇంకా మిగిలి ఉంటే రేపు పొద్దునే వెళ్లండి.