పొయ్యిలోనే పెనం: లక్షా అరవై వేలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. కొత్త ఇంటి వంటగది పని చివరికొచ్చింది. నాలుగు బర్నర్ల మధ్య గ్రిడిల్, అంటే బిగించిన పెనం, ఉన్న 90 సెంటీమీటర్ల విదేశీ పొయ్యి 1,62,000 చెప్పారు. మామూలు నాలుగు బర్నర్ల పొయ్యి 26,000. మేం నలుగురం. వారానికి రెండు పూటలు అట్లో పెసరట్లో వేస్తాం, సంక్రాంతికి పాతికమంది దిగుతారు. ఈ డబ్బు ఇంటి లోనులో కలిపించుకోవాలా, వచ్చే నెల రొయ్యల పట్టుబడిలోంచి తియ్యాలా? లోను వడ్డీ 8.5 శాతం, 15 ఏళ్లు. మేత కొట్టులో రెండు లక్షల అరువు కూడా ఉంది, నూటికి రెండు రూపాయల వడ్డీ.

జవాబు: రెండూ వద్దండి, ఇప్పటికి ఆ పొయ్యే వద్దు.

రెండు పొయ్యిల మధ్య తేడా 1,36,000. దాంతో ఆగదు. పెనం మీంచి లేచే నూనె పొగకు పెద్ద చిమ్నీ కావాలి, గ్రానైట్ కోత మారుతుంది, బిగింపు కూలి ఉంటుంది. వీటికి ఇంకో 24,000 వేసుకుంటే లక్షా అరవై వేలు. లోనులో కలిపితే నెలకు 1,576 రూపాయల వాయిదా, 180 నెలలు. మొత్తం కట్టేది దాదాపు 2,83,600. వారానికి రెండు పూటల చొప్పున 15 ఏళ్లలో మీరు ఆ పెనం వెలిగించేది 1,560 సార్లు. అంటే పిండీ గ్యాసూ కాకుండా పూటకు 180 రూపాయల పైమాటే. అదీ ఆ పొయ్యి పదిహేనేళ్లూ రిపేరు లేకుండా నిలబడితే.

పట్టుబడి డబ్బుతో కొంటే వడ్డీ లేదనిపిస్తుంది, కానీ ఉంది. అదే లక్షా అరవై వేలు మేత కొట్టులో కడితే నెలకు 3,200 రూపాయల వడ్డీ ఆగిపోతుంది. కట్టకుండా పొయ్యి కొంటే ఆ 3,200 ప్రతి నెలా పొయ్యి ఖాతాలోకే వస్తుంది. ఈ రెండింట్లో ఇదే ఎక్కువ నష్టం. పైగా చెరువు ఆదాయం వాయిదా తేదీ చూసి రాదు. ఒక్క పంటకు వైట్‌స్పాట్ (రొయ్యలకొచ్చే తెల్లమచ్చ తెగులు) తగిలితే అరువు రెండు లక్షల దగ్గర ఆగదు.

గ్యాస్ ఖర్చు గురించి మాత్రం భయపడక్కర్లేదు. 30 సెంటీమీటర్ల వెడల్పు, 50 పొడవు, ఒక సెంటీమీటరు మందం ఉన్న ఉక్కు పలక 12 కిలోల దాకా తూగుతుంది. అది కాగడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. గంటకు 350 గ్రాముల గ్యాస్ తాగే బర్నర్ అయితే అప్పటికే 70 గ్రాములు. తర్వాత మంట తగ్గించి, రెండేసి చొప్పున 12 అట్లు వేస్తే ఇంకో 60. మామూలు పెనం మీద అవే 12 అట్లకు అరగంట, 85 గ్రాములు చాలు. 14.2 కిలోల సిలిండర్ 900 రూపాయలనుకుంటే కిలో 63, తేడా పూటకు మూడు రూపాయలు. సంక్రాంతికి పాతికమందికి వేసేటప్పుడు పలక ఒక్కసారి కాగితే చాలు కాబట్టి ఆ తేడా కూడా చాలావరకు పోతుంది.

పనితనంలో దానికి మంచి గుణాలున్నాయి. పిండి పడగానే వేడి పడిపోదు, రెండు పెసరట్లు ఒకేసారి కాలతాయి, ఉప్మాకీ అల్లం పచ్చడికీ బర్నర్లు ఖాళీగా ఉంటాయి. ఆ మందమే ఇబ్బంది కూడా. ఒకసారి ఎక్కువ కాగితే నీళ్లు చిలకరించి ఉల్లిపాయ రుద్దినా చప్పున చల్లబడదు, పిండి గరిటెతో పాటు లేచి వచ్చేస్తుంది. నూనె తట్టలోకి జారేలా చాలా రకాల్లో పలక ముందుకు కాస్త వాలుగా ఉంటుంది, కాబట్టి రవ్వట్టు పల్చటి పిండి ఒక పక్కకే పారుతుంది. అంచుల గోడలు అట్లకాడను పక్కనుంచి దూరనివ్వవు. దిబ్బరొట్టె సంగతి చెప్పనే అక్కర్లేదు, దానికి మూకుడూ మూతా సన్నని సెగా ఉండాల్సిందే. మన డెల్టా తేమలో, వారానికి రెండుసార్లే వాడే ఉక్కు పలకను కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోతే మూడో రోజుకే తుప్పు చార కనిపిస్తుంది. తట్టలో నూనె నిలవుంటే బొద్దింకలు చేరతాయి.

కొనేవాళ్లు మరిచిపోయే ఖర్చు గ్రానైట్‌లో కోసే కన్నం. ఆ పొయ్యి పాడైతే అదే కొలతది దొరకాలి, లేకపోతే రాయే మార్చాలి. జెట్ల (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్న రంధ్రపు బిళ్లల) సంగతీ అడగండి. సిలిండర్ గ్యాస్ పొయ్యిలోకి 30 మిల్లీబార్ల ఒత్తిడితో వస్తుంది, పైపు గ్యాస్ 21తో. రేపు మీ వీధికి పైపు వస్తే అన్ని బర్నర్లకూ జెట్లు మార్చాలి. విదేశీ గ్రిడిల్‌కు సరిపడే జెట్లు ఇక్కడ దొరుకుతాయని కాగితం మీద రాసివ్వని దుకాణంలో కొనొద్దు.

ఇప్పటికి స్టీలు పైభాగం ఉన్న నాలుగు బర్నర్ల పొయ్యి తీసుకోండి. 30కి 50 సెంటీమీటర్లు, ఐదు మిల్లీమీటర్ల మందంతో ఇనుప పలక చేయించుకోండి. ఆరు కిలోలుంటుంది, ముందూ వెనకా రెండు బర్నర్ల మీద పరుచుకుంటుంది. గాజు పొయ్యి మీద మాత్రం ఇది వద్దే వద్దు. పలక కింద సెగ చిక్కుకుని గాజు పగిలిపోవచ్చు. స్టీలు పొయ్యి మీదైనా నాబుల వైపు పలక ముందుకు రాకుండా చూడండి. పండక్కి పెరట్లో విడిగా ఒక పెద్ద బర్నర్ పొయ్యి పెట్టుకుంటే పాతికమందికీ సరిపోతుంది.

మేత అరువు తీరి, ఒక పంట పెట్టుబడి బ్యాంకులో మిగిలి, వారానికి ఐదు పూటలు అట్లు వేసే పరిస్థితి వస్తే గ్రిడిల్ ఒక్కటే విడిగా, 30 సెంటీమీటర్లది, కొనుక్కోవచ్చు. అందుకు ఈ వారమే మేస్త్రీకి మూడు మాటలు చెప్పండి: పొయ్యి పక్కన 45 సెంటీమీటర్ల గ్రానైట్ కొయ్యకుండా వదలాలి, దాని కింద అడ్డపలకగానీ సొరుగుగానీ రాకూడదు, గ్యాస్ పైపుకు అక్కడో పాయ తీసి మెకానిక్ చేత వాల్వు పెట్టించి మూత బిగించాలి.