ఏడ్చే పాట గురించి రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

జపాన్ రాక్ సంగీతం తొలినాళ్ల మీద నువ్వు రాసి పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఉత్సాహంగా సాగిన ఆ రచన, స్పైడర్స్ బృందం 1966లో పాడిన ‘యూహి గా నైతేఇరు’ (‘అస్తమించే సూర్యుడు ఏడుస్తున్నాడు’) దగ్గరికి వచ్చేసరికి ఎందుకో ముఖం చాటేసింది. ఆ బృందానికి ఇంటింటా పేరు తెచ్చిన పాటను ‘వ్యాపారం కోసం కార్చిన కన్నీరు’ అని ఒక్క వాక్యంలో తేల్చేసి ముందుకు వెళ్లిపోయావు. ఆ తీర్పు తప్పని నేను అనడం లేదు. తీర్పుకు ముందు జరగవలసిన విచారణ జరగలేదని మాత్రమే నా అభ్యంతరం.

నీకు నచ్చిన స్పైడర్స్ ఎవరో నాకు అర్థమైంది. 1965లో ‘ఫురి ఫురి’తో రంగంలోకి దిగి, బీటిల్స్ తరహా బ్రిటిష్ బీట్ సంగీతాన్ని ఒంటబట్టించుకుని, తమలో ఒకడైన కామయాత్సు హిరోషి చేత సొంత పాటలు కట్టించుకున్న ఏడుగురు యువకులు వాళ్లు. వృత్తి రచయితలు రాసి ఇవ్వడం, గాయకులు పాడడమే ఆనవాయితీగా ఉన్న పరిశ్రమలో అది చిన్న సాహసం కాదు. అయితే వాళ్లకు పెద్ద విజయం సొంత పాటతో రాలేదు. మాటలూ బాణీ రెండూ హామాగుచి కురనోసుకే సమకూర్చిన పాటతో వచ్చింది. 1917లో పుట్టిన ఆయన అప్పటికి యాభైకి దగ్గరపడినవాడు, ఒకప్పుడు లాటిన్ సంగీత బృందాన్ని నడిపినవాడు, అదే ఏడాది మైక్ మాకి పాడి పేరు తెచ్చుకున్న ‘బారా గా సైతా’ను కూడా రాసినవాడు. నీ వ్యాసంలో ఆయన పేరే లేదు. పాటను తిట్టదలచుకుంటే తిట్టు, కాకపోతే కట్టినవాడి పేరు చెప్పి మరీ తిట్టు.

ఇక పాటలోకి వెళ్దాం. సముద్రం మీద సంధ్య ఎర్రబడి ఉంటుంది. ఆ ఎరుపు వీడ్కోలు రంగు అంటాడు పాడేవాడు. ఎవరినో గాఢంగా ప్రేమించిన సూర్యుడు ఏడుస్తున్నాడంటాడు. ఇంతవరకు ఇది ఎవరైనా రాయగలిగిన సంగతే. కానీ ఆ వెంటనే, నా మనసులాగే అస్తమించే సూర్యుడు కూడా ఏడుస్తూ ఉంటాడేమో అని మాట మారుస్తాడు. అలంకారశాస్త్రం చదువుకున్నవాడివి గనుక ఇది ఉత్ప్రేక్ష అని పట్టుకోవలసినవాడివి నువ్వే. ముందు ఖాయంగా అన్నదాన్ని తర్వాత ఊహగా సడలించడంతో, తన దుఃఖాన్నే తాను ఆకాశానికి అంటగడుతున్నానన్న ఎరుక ఆ కుర్రవాడికి ఉందని తెలుస్తుంది, పాట వట్టి శోకంగా మిగిలిపోకుండా నిలబడేది ఆ కొద్దిపాటి ఎడం వల్లనే. ఎరుపు వీడ్కోలు రంగు అని విప్పి చెప్పడం మాత్రం నాకూ అనవసరమనిపిస్తుంది. వినేవాడికి కొంచెం పని వదలాలి. ఈ రెండు మాటలూ నీ వ్యాసంలో ఉండి ఉంటే, ‘హృదయాన్ని ద్రవింపజేసే’, ‘చౌకబారు’ వంటి విశేషణాలతో పని ఉండేది కాదు. మొదటిది అభిమాని మాట, రెండవది విసుగెత్తినవాడి మాట. పాట ఎలా పనిచేస్తుందో రెండింటిలో ఏదీ చెప్పదు.

వ్యాపారం అన్న ఫిర్యాదుకు నిజమైన ఆధారం వేరే చోట ఉంది. ఈ పాట తర్వాత, గ్రూప్ సౌండ్స్ అని పిలిచే ఆనాటి జపాన్ రాక్ బృందాల ప్రవాహంలో, గిటార్లు చేతబట్టిన బృందాలకు వృత్తి రచయితలు, స్వరకర్తలు పాటలు అందించే పద్ధతి బలపడింది. 1967లో బ్లూ కామెట్స్ ‘బ్లూ షాతో’కు జపాన్ రికార్డ్ అవార్డు దక్కింది. అదే ఏడాది వచ్చిన టైగర్స్ బృందానికి పాటలు కట్టిన సుగియామా కోయిచి, తరువాతి కాలంలో డ్రాగన్ క్వెస్ట్ వీడియో ఆటల సంగీతంతో లోకమంతటికీ తెలిసినవాడయ్యాడు. సొంతంగా రాసుకోవాలనుకున్న బృందాలకు ఇందులో నష్టం జరిగిందని నువ్వు వాదించవచ్చు, నేనూ చాలావరకు ఒప్పుకుంటాను. కానీ ఆ నష్టాన్ని స్పైడర్స్ మీదే చూపించడం కష్టం. కామయాత్సు బృందం కోసం కట్టడం మానలేదు. 1967లో వచ్చిన ‘బాన్ బాన్ బాన్’ ఆయనదే. స్పైడర్స్‌లో ఆర్గాన్ వాయించిన ఓనో కత్సువో తర్వాత స్వరకర్తగా ఎదిగి, సవాదా కెంజి పాడగా 1977లో అదే రికార్డ్ అవార్డు అందుకున్న ‘కత్తె ని షియగారె’ పాటకు బాణీ కట్టాడు. డిటెక్టివ్ కోనన్ టీవీ ధారావాహిక సంగీతం కూడా ఆయనదే. అరువు పాటతో వచ్చిన పేరు వీళ్ల చేతుల్లోని విద్యను హరించలేదు.

అందువల్ల ఆ భాగాన్ని కొట్టేసి మళ్లీ రాయి. ‘ఫురి ఫురి’, ‘యూహి గా నైతేఇరు’, ‘బాన్ బాన్ బాన్’ ఈ మూడూ వరుసగా విని, ఏది ఎవరు కట్టారో పక్కన రాసుకుని, ఆ తర్వాతే కలం పట్టు. నీ అభిప్రాయం మారకపోయినా నాకు పేచీ లేదు. కారణాలతో వస్తే ఆ వ్యాసాన్ని పత్రికకు నేనే సిఫారసు చేసి పంపుతాను.

ఆశీస్సులతో