పడుకున్నా ఛాతీ బరువుగా ఉంటే చానళ్ల సంగతి తర్వాత

ప్రశ్న: నా వయసు 58. కావలి దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటాను. షుగర్‌కు గ్లిబెన్‌క్లమైడ్, బీపీకి టెల్మిసార్టన్, గుండెకు నికొరాండిల్ రాశారు. నికొరాండిల్ మైటోకాండ్రియాలోని (కణానికి శక్తినిచ్చే భాగాల్లోని) పొటాషియం చానళ్లను, అంటే పొటాషియం వెళ్లే సన్నని దారులను, తెరుస్తుందని, షుగర్ మాత్ర వాటిని మూసేస్తుందని చదివి షుగర్ మాత్ర మానేశాను. పొటాషియం కోసం రోజూ టెంకాయ నీళ్లు తాగుతున్నాను. గట్టు మీద నడిస్తే వచ్చే ఛాతీ బరువు వారంగా రాత్రి పడుకున్నా వస్తోంది. చానళ్లు తెరుచుకోవడానికి ఇంకేం తినాలి?

సమాధానం: మీరు అడిగింది ఆహారం గురించే అయినా, నన్ను కలవరపెడుతున్నది పడుకున్నా వస్తోందన్న ఆ ఛాతీ బరువు. ఇది అస్థిర ఆంజైనా (గుండెకు రక్తం సరిగా అందక విశ్రాంతిలోనూ వచ్చే ఛాతీ నొప్పి) కావచ్చు. గుండెపోటుకు ముందు దశ కూడా కావచ్చు. గ్యాస్ మాత్రలతో ఇంకో రాత్రి గడపకుండా, నెల్లూరుకో ఒంగోలుకో ఈ రోజే వెళ్లి ఈసీజీ, గుండె కండరం దెబ్బతిన్నదేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయించుకోండి. ఈలోగా నొప్పి మళ్లీ వచ్చి కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా 108కు ఫోన్ చేయండి. మీరే బండి నడుపుకుంటూ వెళ్లవద్దు.

మీరు చదివినదానిలో నిజం లేకపోలేదు. మైటోకాండ్రియా లోపలి పొరలో, కణానికి ఇంధనమైన ఏటీపీ తగ్గినప్పుడు తెరుచుకునే పొటాషియం చానల్ ఉందని 1991లో గుర్తించారు; అందులోని ప్రొటీన్లేవో 2019లో గానీ తేలలేదు. అది తెరుచుకుంటే రక్తం అందని గుండె కణం కొంతసేపు తట్టుకుంటుందని, గ్లిబెన్‌క్లమైడ్ ఆ రక్షణను తగ్గించవచ్చని ప్రయోగాల్లో కనిపించింది. అయితే ఆ మాత్ర ప్రధానంగా పనిచేసేది క్లోమంలోని బీటా కణాల పైపొర చానళ్ల మీద. అవి మూసుకుంటేనే ఇన్సులిన్ విడుదలవుతుంది. దాన్ని మానేసి మరో మందు మొదలుపెట్టకపోతే షుగర్ పెరిగి, ఆ భారమూ గుండె మీదే పడుతుంది. మాత్ర మార్చవచ్చా అని మీ వైద్యుణ్ణి అడగడం సబబే. చదివిన నాలుగు ముక్కలతో మీరే మానేయడం మాత్రం, కోపం చేసుకోకండి, ప్రాణాలతో చెలగాటం.

టెంకాయ నీళ్లతో ఆ చానళ్లు తెరుచుకోవు. పైగా టెల్మిసార్టన్ వాడేవారిలో, ముఖ్యంగా కిడ్నీలు బలహీనంగా ఉంటే, రక్తంలో పొటాషియం పేరుకుపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. మామూలుగా అది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఫలితాలు చూసి వైద్యులు చెప్పేదాకా ఆ నీళ్లు ఆపండి.

నికొరాండిల్ వాడుతున్నంతకాలం సిల్డెనాఫిల్ (వయాగ్రా) వంటి అంగస్తంభన మాత్రలు వేసుకోకూడదు. బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. నోట్లో మానని పుండ్లు వస్తే ఆ సంగతీ చెప్పండి. మిమ్మల్ని పరీక్షించకుండా మోతాదులు సూచించలేను. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్నవాటితో సహా మాత్రల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లి, షుగర్ మాత్ర ఎప్పటినుంచి మానేశారో దాచకుండా చెప్పండి.