వచ్చిపోయే ఇంజిన్ లైటు: కోడ్ తుడిపించే ముందు చూడవలసినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: 2017 నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఈ మధ్యనే సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పసుపు రంగు ఇంజిన్ గుర్తు ఒకటి రెండు రోజులు వెలుగుతుంది, తర్వాత దానంతటదే ఆరిపోతుంది. బండి నడకలో తేడా ఏమీ తెలియడం లేదు. ఒక మెకానిక్ స్కానర్ పెట్టి కోడ్ (కారు కంప్యూటర్ రాసుకున్న లోపం నంబరు) తుడిచేశారు. ఇంకొకరు ఆక్సిజన్ సెన్సార్ మార్చాలంటున్నారు. మార్చాలా, వద్దా?

ఇప్పుడే మార్చకండి. అంతకంటే ముఖ్యంగా, మళ్లీ లైటు వెలిగినప్పుడు ఎవరినీ కోడ్ తుడవనివ్వకండి.

లోపాన్ని పసిగట్టిన సమయంలో ఇంజిన్ ఏ స్థితిలో ఉందో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, కొన్ని అంకెలు రాసి పెట్టుకుంటుంది. బండి వేగం, ఆర్‌పీఎం, కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంజిన్ మీద ఉన్న భారం, ఫ్యూయల్ ట్రిమ్ (మామూలు లెక్క కంటే పెట్రోల్‌ను ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో) వంటివి. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. ఎప్పుడూ ఉండే లోపానికి ఇది లేకపోయినా గడిచిపోతుంది, షెడ్డులో బండి పెట్టగానే దొరికిపోతుంది కాబట్టి. వచ్చిపోయే లోపానికి మాత్రం ఇదొక్కటే సాక్ష్యం. కోడ్ తుడిస్తే ఈ అంకెలు కూడా పోతాయి. మీ మెకానిక్ తుడిచేసింది లైటును మాత్రమే కాదన్నమాట.

లైటు ఎందుకు ఆగి ఆగి వస్తుందో కూడా తెలుసుకోవాలి. చాలా కార్లలో లోపం ఒకసారి కనిపిస్తే ఈసీయూ దాన్ని పెండింగ్ కోడ్‌గా రాసుకుని ఊరుకుంటుంది. తర్వాతి ప్రయాణంలోనూ అదే కనిపిస్తేనే లైటు వెలిగిస్తుంది. ఆ తర్వాత వరుసగా మూడు ప్రయాణాల్లో లోపం కనిపించకపోతే ఆర్పేస్తుంది. లైటు ఆరినా కోడ్ మాత్రం లోపలే ఉంటుంది, ఇంజిన్ చల్లారి మళ్లీ వేడెక్కడం దాదాపు 40 సార్లు జరిగేదాకా. కాబట్టి ‘ఆరిపోయింది, బాగైపోయినట్టే’ అనుకోవడానికి లేదు. ‘పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కగానే వెలిగింది, ఎత్తు ఎక్కడంలోనే ఏదో ఉంది’ అని తేల్చేయడానికీ లేదు. అసలు లోపం మొదట కనిపించింది దానికి ముందరి ప్రయాణంలో కావచ్చు.

నా సంగతి చెబుతాను. నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న సెడాన్‌లోనూ ఇదే తంతు. కోడ్ పీ0171, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అన్న ఫిర్యాదు. రెండు షెడ్లలోనూ ఒకటే మాట, ఆక్సిజన్ సెన్సార్ పోయిందని. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ సెన్సార్ చేసే పని పొగలో మిగిలిన ఆక్సిజన్ ఎంతో చెప్పడం. అది ‘ఎక్కువగా ఉంది’ అని చెబితే, ముందు అది నిజమో కాదో చూడాలి కదా. జ్వరం చూపించిందని థర్మామీటరును పారేస్తామా?

ఫ్రీజ్ ఫ్రేమ్ తీసి చూస్తే బండి వేగం సున్నా, ఇంజిన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే తిరుగుతూ) ఉంది, కూలెంట్ బాగా వేడెక్కి ఉంది, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ 20 శాతం పైన. అంటే ఈసీయూ తన మామూలు లెక్క కంటే అయిదో వంతు ఎక్కువ పెట్రోల్ పోస్తోంది, అయినా చాలడం లేదు. అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే సాధారణంగా పట్టించుకోనక్కర లేదు. 20 అంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

అప్పుడు కారుకు బ్లూటూత్ అడాప్టర్ తగిలించి (దాని సంగతి కింద చెబుతాను), ఫోన్‌లో ట్రిమ్ అంకెలు కనిపించేలా పెట్టుకుని, పక్క సీట్లో మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి తిరిగాను. (నడిపేవారు ఆ ఫోన్ చూడకూడదు, ఇది గట్టిగా చెబుతున్నాను.) సాయంత్రం అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడితే ట్రిమ్ ఎగబాకింది. అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి నిలకడగా 80లో పోతే సున్నా దగ్గరికి దిగి వచ్చింది. ఇదే అసలు ఆధారం. ఇన్‌టేక్ వైపు, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో, ఎక్కడో చిన్న చిల్లు ఉంటే, ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం కాబట్టి ఆ చిల్లులోంచి లెక్కకు అందకుండా చొరబడే దొంగగాలి వాటా పెద్దదవుతుంది. వేగంలో ఇంజిన్ గాలిని బాగా పీలుస్తుంది, అదే చిల్లు లెక్కలోకి రాదు. సెన్సారే చెడిపోయి ఉంటే ఇంత పద్ధతిగా మారదు.

స్మోక్ టెస్ట్ చేయించాను. ఇన్‌టేక్‌లోకి తక్కువ ఒత్తిడితో పొగ పంపి ఎక్కడి నుంచి బయటికి వస్తుందో చూడటమే ఆ పరీక్ష. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే చేయమని పట్టుబట్టాను. పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది) కింది వైపు, కంటికి కనపడని చోట పగిలి ఉంది. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు గట్టిగా ఉండి పగులు మూసుకుంటోంది, వేడెక్కి మెత్తబడ్డాక తెరుచుకుంటోంది. పొద్దున్నే షెడ్డుకు తీసుకెళితే ఏ లోపమూ కనిపించకపోవడానికి కారణం ఇదే. కొత్త గొట్టం రాణిగంజ్‌లో కొన్నాను, సెన్సార్ ధరలో పదో వంతు కూడా కాలేదు.

మీ కారులోనూ ఇదే అని నేను అనడం లేదు. పైగా నా కారులో గాలిని నేరుగా కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉంది. ఇన్‌టేక్‌లోని ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్‌తో గాలిని లెక్క కట్టే చిన్న కార్లలో ఇలాంటి లీకు లీన్ కోడ్‌గా (పెట్రోల్ తక్కువ అన్న కోడ్‌గా) కాక ఐడిల్ పెరగడంగా కనిపించవచ్చు. ట్రిమ్ ఐడిల్‌లో బాగుండి వేగంలో, ఎత్తు ఎక్కేటప్పుడు పెరుగుతుంటే దారి వేరు: ఫ్యూయల్ పంపు బలహీనపడటం, ఫిల్టర్ మూసుకుపోవడం, ఎయిర్ ఫ్లో సెన్సార్‌కు మురికి పట్టడం వంటివి చూడాలి.

మీ కోడ్ నంబరు మీరు రాయలేదు, ఆ మెకానిక్ చెప్పలేదేమో. అది పీ0135 అయితే సెన్సార్ లోపలి హీటర్ సర్క్యూట్ అని అర్థం, అప్పుడు సెన్సార్‌ను అనుమానించడం న్యాయమే. అప్పుడు కూడా ఫ్యూజు, వైరు, కనెక్టర్ చూశాకే. పీ0301 నుంచి పీ0304 వరకు అయితే ఆ చివరి అంకె సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే పెట్రోల్ సరిగా మండకపోవడం. దీనికి ఖర్చు లేని పరీక్ష ఉంది. ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ (ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది) ఉన్న కారయితే, అనుమానం ఉన్న కాయిల్‌నూ పక్క సిలిండర్ కాయిల్‌నూ ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టించండి. కోడ్ కూడా ఆ పక్కకు మారితే కాయిలే దోషి. మారకపోతే స్పార్క్ ప్లగ్గు, తర్వాత ఇంజెక్టర్. పీ0420 వచ్చిందని ఎవరైనా క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) మార్చమంటే మాత్రం వెంటనే ఒప్పుకోకండి. అది చాలా ఖరీదైన భాగం. సైలెన్సర్ గొట్టంలో లీకు, పాత మిస్‌ఫైర్ లేవని తేలాకే దాని మాట.

ట్యాంకు మూత గట్టిగా బిగించమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. అది అమెరికా కార్ల సలహా. అక్కడ ట్యాంకు నుంచి ఆవిరి లీకవుతుంటే ఈసీయూ కనిపెట్టి తీరాలి. మన నిబంధనలు యూరప్ పద్ధతివి, ఆ లీకు పరీక్ష ఇక్కడ తప్పనిసరి కాదు.

మన ఊళ్లో నేను ముందు చూసేవి ఎలుకలూ, వానలూ. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి పెడతారా? బానెట్ ఎత్తి వైర్లు కొరికి ఉన్నాయేమో, ఇంజిన్ మీద ఎలుక పెంటికలు, చెత్త ఉన్నాయేమో చూడండి. సగం తెగిన వైరు గతుకుల రోడ్డు మీద తగులుతూ, విడుతూ ఉంటుంది. వాన నీళ్లలోంచి వెళ్లి వచ్చాకే లైటు వస్తుంటే కనెక్టర్లలో తడి, ప్లగ్గుల గుంటల్లో నీళ్లు చూడాలి. బ్యాటరీ కూడా ఒకసారి కొలిపించండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. అంతకు బాగా తగ్గితే స్టార్ట్ చేసేటప్పుడు ఈసీయూకు ఒకదానికొకటి సంబంధం లేని కోడ్‌లు కనిపిస్తాయి.

ఇవన్నీ చూడటానికి ఈఎల్‌ఎం327 రకం బ్లూటూత్ అడాప్టర్ చాలు, వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. 2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 (పొగ నిబంధనల నాలుగో దశ) కార్లకు ఓబీడీ-2, అంటే లోపాలను పసిగట్టి కోడ్‌లుగా చెప్పే ఏర్పాటు, తప్పనిసరి కాబట్టి మీ దాంట్లో అడాప్టర్ తగిలించడానికి స్టీరింగ్ కింద 16 పిన్నుల పోర్టు ఉంటుంది. పని అయ్యాక అడాప్టర్ తీసేయండి, వదిలేస్తే బ్యాటరీ తాగుతుంది.

కారు కొనే ముందే ఈ అడాప్టర్ చేతిలో ఉంటే ఇంకో ఉపయోగం ఉండేది. కోడ్ తుడిచిన తర్వాత బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చాలా కార్లు చెబుతాయి. అమ్మేవారు ‘ఏ సమస్యా లేదు’ అంటుండగా అక్కడ 12 కిలోమీటర్లు అని కనిపిస్తే, ఆ ఉదయమే ఎవరో తుడిచారని తెలిసిపోతుంది. రెడీనెస్ పరీక్షలు (కోడ్ తుడిచాక ఈసీయూ మళ్లీ మొదటి నుంచి చేసుకునే సొంత తనిఖీలు) పూర్తి కాలేదని చూపించినా అదే అనుమానం. మీ మెకానిక్ తుడవడంతో ఆ లెక్క మొదటికి వచ్చింది, అమ్మినవారిని అడగడానికి ఇక ఆధారం లేదు. తాళం తిప్పగానే, స్టార్ట్ చేయక ముందు, ఆ గుర్తు ఒకసారి వెలగాలన్నది కూడా చూసుకోండి. లోపం దాచడానికి లైటే పనిచేయకుండా చేసిన బండ్లూ అమ్మకానికి వస్తాయి.

లైటు నిలకడగా ఉండి బండి మామూలుగా నడుస్తుంటే మెల్లగా నడుపుకోవచ్చు. మినుకు మినుకుమంటే మాత్రం అది తీవ్రమైన మిస్‌ఫైర్. కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని మాడ్చేస్తుంది. వేగం తగ్గించి పక్కకు ఆపండి.

మళ్లీ వెలిగినప్పుడు కోడ్ నంబరు, ఫ్రీజ్ ఫ్రేమ్ తెర ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. బయట బిగించిన సీఎన్‌జీ కిట్ ఉందా అన్నదీ రాయండి. ఉంటే ట్రిమ్ అంకెలను వేరేగా చదవాలి, ముందు పెట్రోల్ మీద కొన్నాళ్లు నడిపి చూడమంటాను.