కూలి, హాజరు, బిల్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బరంపురంలో నాకు చిన్న అప్పడాల కార్ఖానా ఉంది. పన్నెండు మంది ఆడవాళ్లు పీసు రేటు మీద పని చేస్తారు. రేషను బియ్యం ఉచితం అయినప్పటి నుంచి వీళ్లకు పని మీద ధ్యాస తగ్గిందని నా అభిప్రాయం. సోమవారం వస్తే సగం మంది డుమ్మా కొడతారు. దుకాణాల నుంచి సొమ్ము వసూలయ్యాకే లెక్క చూసి ఇస్తాను కాబట్టి ఒక్కోసారి ఇరవై రోజులు దాటుతుంది, కానీ ఎవరికీ ఒక్క పైసా ఎగ్గొట్టలేదు. పేదరికానికి సోమరితనమే మూలమని మా బావగారు, పేదరికమే మనిషిని నీరసపెడుతుందని మా అబ్బాయి రోజూ వాదించుకుంటున్నారు. ఎవరిది న్యాయం?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ముందు బియ్యం లెక్క చూద్దాం. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం సాధారణ లబ్ధిదారుల కుటుంబాల్లో తలకు నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి మొత్తంగా 35 కిలోలు వస్తాయి. 5 కిలోలను ముప్పై రోజులకు పంచితే మనిషికి రోజుకు 170 గ్రాములు కూడా రావు. ఈ బియ్యం పూర్తిగా ఉచితమైంది 2023 జనవరి 1 నుంచి, కాని ఒడిశాలో అంతకు ముందు దాదాపు పదేళ్లుగా కిలో ఒక్క రూపాయికే ఇస్తూ వచ్చారు. అంటే నలుగురున్న ఇంటికి ఉచితం వల్ల కొత్తగా మిగిలింది నెలకు ఇరవై రూపాయలు. ఇరవై రూపాయలు చూసుకుని ఎవరూ పని మానరు. ఇంటద్దె, నూనె, మందులు, పిల్లల ట్యూషను, ఫోను రీచార్జి ఇవేవీ రేషను డిపోలో దొరకవు.

సాయం అందితే పేదలు పని మానేస్తారన్న అనుమానం మీ బావగారి ఒక్కరిదే కాదు. అభిజిత్ బెనర్జీ మరి ముగ్గురు ఆర్థికవేత్తలతో కలిసి హోండురాస్, ఇండొనేషియా, మొరాకో, మెక్సికో, నికరాగువా, ఫిలిప్పీన్స్ దేశాల నగదు సాయ పథకాలను పరిశీలించి, సాయం పొందినవారు పని తగ్గించుకున్నారనడానికి స్థిరమైన ఆధారమేదీ కనిపించలేదని 2017లో ప్రకటించారు. అంత దూరం ఎందుకనుకుంటే మన గంజాం జిల్లా నుంచే వేలాది మంది సూరత్ వెళ్లి, మరమగ్గాల మోతలో పన్నెండేసి గంటలు మీటరుకు ఇంత అన్న లెక్కన నేస్తున్నారు. వాళ్లకూ ఇక్కడి ఇళ్లలో రేషను కార్డులున్నాయి.

అయితే మీరు మధ్యలో చెప్పి దాటవేసిన మాట ఒకటి ఉంది, నా దృష్టిలో అసలు విషయం అదే: కూలి ఎప్పుడు అందుతుందో మీ మనుషులకు ముందుగా తెలియదు. దీని మీద ఒడిశాలోనే ఒక చక్కని పరిశోధన జరిగింది. సుప్రీత్ కౌర్, సెంథిల్ ములైనాథన్, సుయన్నా ఓ, ఫ్రాంక్ షిల్‌బాక్ అనే ఆర్థికవేత్తలు, పనులు దొరకని రోజుల్లో ఆకు విస్తళ్లు కుట్టే పని పెట్టి, అందరికీ ఒకే పీసు రేటు, ఒకే మొత్తం కూలి నిర్ణయించి, కొందరికి మాత్రం అందులో కొంత కొన్ని రోజులు ముందుగా చేతికిచ్చారు. డబ్బు అందినవాళ్లు ఆ తరువాతి రోజుల్లో సుమారు 7 శాతం ఎక్కువ విస్తళ్లు కుట్టారు. ఈ పెరుగుదల ప్రధానంగా మరీ బీదవారిలోనే కనిపించింది. అంతకన్నా నాకు ఆసక్తిగా తోచింది, వాళ్ల కుట్టులో పొరపాట్లు కూడా తగ్గడం. రేటు మారలేదు, మేస్త్రీ గద్దించలేదు, విస్తరి తీరూ మారలేదు. మారిందల్లా షావుకారు బాకీ, ఇంట్లో నిండుకున్న సరుకులు పదే పదే గుర్తొచ్చి మనసును లాగడం తగ్గింది. ఆ డబ్బుతో వాళ్లలో ఎక్కువ మంది మొదట చేసిన పని అప్పు తీర్చడం, సరుకులు కొనడం.

కాబట్టి ఈ వాదనలో నేను మీ అబ్బాయి వైపే మొగ్గుతాను, పూర్తిగా కాకపోయినా. బద్ధకస్తులు లేరని నేననను, ఉన్నవారి ఇళ్లలోనూ లేనివారి ఇళ్లలోనూ ఉంటారు. ఉన్నవాడి బద్ధకం గురించి ఎవరూ ఉత్తరాలు రాయరంతే. మీ సోమవారం గైరుహాజరుకు కారణం బద్ధకమని తేల్చే ముందు, ఆ రోజు వాళ్లు సాయంత్రానికి డబ్బు చేతిలో పడే రోజుకూలికి వేరే చోటికి వెళ్తున్నారేమో ఒకసారి కనుక్కోండి.

ఇది దయాధర్మాల సంగతి మాత్రమే కాదు, చట్టం కూడా. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రోజుకూలిని పని ముగిసేసరికి, వారం కూలిని ఆ వారం చివరి పనిదినాన, పక్షానికోసారి ఇచ్చేదాన్ని పక్షం ముగిశాక రెండో రోజు దాటకుండా, నెల జీతాన్ని తరువాతి నెల 7వ తేదీ దాటకుండా చెల్లించాలి. దుకాణదారు మీకు బాకీ పడటం మీ వ్యాపారంలోని కష్టమే, ఒప్పుకుంటాను. ఆ బాకీని మీ మీద ఆధారపడిన ఆడవాళ్ల వంటింట్లోకి నెట్టడం మాత్రం సరికాదు. నా సలహా ఏమంటే, పదిహేను రోజుల కూలికి సరిపడా సొమ్మును పెట్టుబడిలో భాగంగానే విడిగా ఉంచి, వారం కూలి పద్ధతికి మారి, ప్రతి శనివారం లెక్క తేల్చి ఇవ్వండి.

మరొక్క మాట. ఒకరిద్దరికి రేటు కాస్త ఎక్కువ ఇస్తుంటే ఎందుకిస్తున్నారో అందరికీ తెలియనివ్వండి. ఒడిశా కార్మికుల మీదే జరిగి 2018లో వెలువడిన ఇంకో అధ్యయనంలో, తోటివారి పనితనం కంటికి కనబడని చోట తక్కువ కూలి పొందినవారు పని తగ్గించారు, రావడమూ తగ్గించారు. తేడాకు కారణం కళ్లెదుట కనబడిన చోట మాత్రం అంత నష్టం జరగలేదు. కారణం కనబడని తేడాయే ఎక్కువ నొప్పించింది.

ప్రశ్న: పర్లాకిమిడిలో ఒక బట్టల దుకాణంలో పని చేస్తున్నాను. ఈ మధ్య ముఖం చూపిస్తే హాజరు పడే యంత్రం పెట్టారు. ఐదు నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోసేస్తున్నారు. రాత్రి ఎనిమిదికి వెళ్లవలసిన మమ్మల్ని తొమ్మిది దాకా ఉంచినప్పుడు మాత్రం ఆ యంత్రం ఏమీ రాయదు. క్రమశిక్షణ వస్తుంది, పని మీద శ్రద్ధ పెరుగుతుంది అంటున్నారు యజమాని. యంత్రం చెప్పిందే ఖాయమా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: యంత్రం సమయాన్ని నమోదు చేస్తుంది, అంతవరకే దాని అధికారం. ఎంత కోయాలన్నది చట్టం చెబుతుంది. పైన చెప్పిన వేతనాల కోడ్ ప్రకారం గైరుహాజరుకు కోత, హాజరు కాని సమయానికి ఎంత వేతనం పడుతుందో అంతకు మించకూడదు. ఐదు నిమిషాలకు ఐదు నిమిషాల జీతం. దాన్ని జరిమానా అని పేరు మార్చినా, ఏ తప్పులకు జరిమానా వేస్తారో ముందుగా రాసి అందరికీ కనబడేలా పెట్టాలి, మీ సంజాయిషీ వినాలి. ఒక వేతన కాలంలో వేసిన జరిమానాలన్నీ కలిపినా ఆ కాలపు వేతనంలో 3 శాతం దాటకూడదు. అదనపు గంటకు మామూలు రేటుకు రెట్టింపు తక్కువ కాకుండా ఇవ్వాలి.

మీరు ఒక్కరే వెళ్లి అడిగితే మరుసటి రోజు పని ఉంటుందా అన్న భయం సహజం, దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. అందుచేత తోటివారితో కలిసి, వచ్చిన సమయమూ వెళ్లిన సమయమూ రెండూ ఒక పుస్తకంలో రోజూ రాసుకుని, నెల చివర కోత చీటీతో సరిపోల్చండి. యజమానికి ఆ లెక్క చూపించండి. వినకపోతే జిల్లా కార్మిక అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి.

మీ యజమానిగారు ఈ పత్రిక చదువుతారో లేదో గాని, ఆయన కోసం ఒక పాత సంగతి చెబుతాను. 1913లో హెన్రీ ఫోర్డ్ తన కార్ల కర్మాగారంలో కదిలే పట్టీ మీద పని మొదలుపెట్టించినప్పుడు మనుషులు నిలవలేదు. సుమారు 14 వేల మందిని నిలుపుకోవడానికి ఆ ఏడాది 50 వేలకు పైగా కొత్తవాళ్లను తీసుకోవలసి వచ్చింది. 1914 జనవరిలో ఆయన రోజు కూలిని దాదాపు రెట్టింపు చేసి ఐదు డాలర్లన్నాడు, పనిగంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాడు. ఆ తరువాత పని వదిలి వెళ్లేవాళ్లు బాగా తగ్గారు. ఫోర్డ్ పరోపకారి ఏమీ కాదు, కార్మికుల ఇళ్లలోకి తనిఖీదార్లను పంపిన మనిషి. అటువంటివాడికి కూడా యంత్రంతో పాటు జీతమూ మార్చక తప్పలేదు.

హాజరు విషయంలో ప్రభుత్వమూ మీ యజమాని దారే పట్టింది. ఉపాధి హామీ పనుల్లో రోజుకు రెండుసార్లు ఫొటో హాజరు 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. రాయగడ, గజపతి కొండ ఊళ్లలో సిగ్నలు కోసం కూలీల హాజరు చూసే మేట్ ఫోను ఎత్తి పట్టుకుని గట్టు ఎక్కవలసి వచ్చేది. అదే పథకపు 2005 నాటి చట్టంలో కూలి పదిహేను రోజుల్లో ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం చెల్లించాలని రాశారు. వంద రూపాయలకు రోజుకు ఐదు పైసలు! కూలీ ఆలస్యానికి ఆ రోజు హాజరే పోతుంది, సర్కారు ఆలస్యానికి ఐదు పైసలు.

ప్రశ్న: గుణుపురంలో ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. ఫోనులో చూసి పద్నాలుగు వేలకు మోటారు కుట్టుమిషను తెప్పించుకున్నాను. రెండు నెలలు తిరగకుండా మోటారు కాలిపోయింది. కూలికి కుట్టారు కాబట్టి అది వ్యాపార వినియోగం, వారంటీ వర్తించదు అంటున్నారు. గట్టిగా అడిగితే కేసు తమ నగరంలోనే వేసుకోవాలని షరతుల్లో ఉందన్నారు. తెలుగు తప్ప నాకు రాయడం రాదు. పద్నాలుగు వేలు వదులుకోవలసిందేనా అన్నా?
— ఒక సోదరి, గుణుపురం

జవాబు: వదులుకోవద్దు చెల్లెమ్మా. వాళ్లు చెప్పిన రెండు అడ్డంకుల్లోనూ పెద్ద బలం లేదు.

మొదటిది వ్యాపార వినియోగం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, లాభం కోసం సాగించే వ్యాపారానికి కొన్నవారిని వినియోగదారులుగా చూడదన్నది నిజమే. కాని స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొని, స్వయంగా వాడుకునే వస్తువును అందులో చేర్చకూడదని ఆ నిర్వచనంలోనే వివరణ ఇచ్చింది. ఒకరిద్దరు సాయానికున్నంత మాత్రాన ఆ రక్షణ పోదని పాత చట్టంలోని ఇటువంటి వివరణ గురించే సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. అయితే వారంటీ కార్డు మీద ‘గృహ వినియోగానికి మాత్రమే’ అని ఉంటే వాళ్లు దాన్ని పట్టుకుని వాదిస్తారు. అమ్మకపు ప్రకటనలో టైలర్లకు అనువైనది అని రాశారా, కొట్టులో కుడుతున్న మనిషి బొమ్మ వేశారా చూడండి. ఉంటే ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసి దాచండి, ప్రకటనలు రాత్రికి రాత్రే మారిపోతాయి.

రెండవది ఊరు. కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదిదారు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. మీకది రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్. ఆ చిన్నక్షరాల షరతు చూసి ఆగిపోవలసిన పని లేదు.

ఇక చేయవలసింది. మోటారును ఊళ్లో మెకానిక్ చేత విప్పించకండి, విప్పితే మీరే చెడగొట్టారంటారు. మోటారు పక్కన అతికించిన రేకు మీద నంబరు కనబడేలా, కాలిన తీగ దగ్గర నల్లబడిన చోటు కనబడేలా, పెట్టె మీది చిరునామా చీటీ కనబడేలా పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. బిల్లు, డబ్బు చెల్లించిన రుజువు, వాళ్లతో నడిచిన సందేశాలు అన్నీ ఒకచోట పెట్టండి. తరువాత ఆ అమ్మకపు వేదిక ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందిందని తెలపాలి, నెల లోపు పరిష్కరించాలి. దానితో పాటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. చాలా తగాదాలు ఇక్కడే తెగుతాయి, ఎందుకంటే కేసు నడిపే ఖర్చు కంటే మోటారు మార్చడం వాళ్లకు చవక.

అప్పటికీ కదలకపోతే కమిషన్‌కు వెళ్లండి. కొన్న విలువ 5 లక్షల రూపాయల లోపయితే ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. ఫిర్యాదు ఒడియాలో గాని ఇంగ్లీషులో గాని రాయించండి. కాగితం మీద తేదీల వరుస సరిగ్గా ఉంటే భాష అందంగా లేకపోయినా ఫరవాలేదు. నష్టం జరిగిన రెండేళ్లలోగా వేయాలి. వస్తువును పరీక్షకు పంపనక్కరలేని కేసు మూడు నెలల్లో, పంపవలసినది ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది గాని, అంత త్వరగా తేలుతుందని నేను హామీ ఇవ్వలేను. మోటారు ఖరీదుతో పాటు మిషను మూలపడిన రోజుల్లో పోయిన కుట్టుకూలిని కూడా అడగండి. ఆ రోజుల్లో మీరు వెనక్కి పంపిన బట్టల లెక్క పుస్తకంలో ఉంటే అదీ జత చేయండి.

ప్రశ్న: మాది బరంపురంలో నేతపని కుటుంబం. మరమగ్గం చీరను బరంపురం పట్టు అని సగం ధరకు అమ్ముతుంటే మా నాన్నకు మగ్గం ఎక్కాలనిపించడం లేదు. కొనేవాళ్లు ఏం చూడాలి?
— ఒక విద్యార్థిని, బరంపురం

జవాబు: రెండు గుర్తులున్నాయి, వాటిని జనం ఒకటే అనుకుంటారు. సిల్క్ మార్క్ దారం అసలైన పట్టు అని మాత్రమే చెబుతుంది, మగ్గం సంగతి చెప్పదు. చేతిమగ్గం మీద నేసిందని చెప్పేది హ్యాండ్‌లూమ్ మార్క్. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది కాబట్టి ఆ పేరును వేరే సరుకుకు వాడటం తప్పు. కొనేవారు బిల్లు మీద ‘పట్టు’ అన్న మాటతో ఆగకుండా ‘చేతిమగ్గం నేత’ అని కూడా రాయించుకోవాలి. ఆ మాట రాసి మరమగ్గం చీర ఇస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి, డబ్బు వాపసు అడగవచ్చు. నిజంగా మగ్గం చీర అమ్మేవాడు ఆ రెండు మాటలు రాయడానికి వెనకాడడు. మీ నాన్నగారు నేసిన చీరలు తీసుకునే దుకాణాల్లో బిల్లు మీద ఆ మాట రాస్తున్నారో లేదో ముందు మీరే వెళ్లి చూడండి.